మూడు జాతర్ల అవతల నివ్వరి

మా అక్కకి దోసెడు నివ్వరి గింజలు తెచ్చిస్తానని మాట ఇచ్చి ఈ ప్రయాణం బయల్దేరాను. రెండువేల ఏడు కార్తీకంలో మూడు రోజులు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి కొల్లేట్లో ఒక లంక, అక్కడి నుంచి ముదినేపల్లి. దూరం లెక్కేస్తే ఏమంత కాదు. మా మనవలు ఇంత దూరం సినిమాకి వెళ్లివస్తారు. నాకు మాత్రం ఎన్నో ఏళ్లుగా వెళ్లాలనుకుంటూ వెళ్లని చోటు ఆ కొల్లేరు.

నివ్వరి తెలియనివాళ్లకి ముందే చెబుతాను. ఎవరూ దున్నకుండా, ఎవరూ విత్తకుండా నీళ్లలో దానంతటదే పెరిగే వరి అది. గింజ సన్నం, లోపల బియ్యం ఎరుపు, కొసకి పొడుగాటి ముల్లు. మన వరిలాగా పండాక కంకిని పట్టుకుని ఉండదు. గాలి తగిలినా రాలిపోతుంది. ఋషిపంచమి నోచే ఆడవాళ్లు ఆ రోజు నాగలి తగిలిన నేలలో పండింది ఏదీ తినకూడదు కాబట్టి మా అమ్మ నివ్వరి అన్నం వండుకునేది. కార్తీకంలో ఒక రోజు తన పుట్టింటివాళ్ల దోనె మీద కొల్లేట్లోకి వెళ్లి, చిన్న మూటతో తిరిగొచ్చి, దాన్ని భాద్రపదం దాకా ఉట్టి మీద దాచేది. వండిన రోజు ఇల్లంతా ఒక వాసన. తడిగడ్డి ఎండకి ఆరుతున్నట్టూ, దాంట్లో ఎక్కడో బెల్లం కాగుతున్నట్టూ ఉండేది. పిల్లలకి తలా ఒక ముద్ద పెట్టేది. అక్క తన ముద్ద మింగేసి నా చేతి వంక చూస్తూ కూర్చునేది.

అమ్మ తరవాత ఆ నోము అక్క పట్టింది. మా ఇంటి పద్ధతి ప్రకారం ఏడేళ్లు నోచి ఎనిమిదో ఏట ఉద్యాపన చేయాలి. అంటే వాయనాలిచ్చి నోము ముగించాలి. ఆ ఎనిమిదో ఏడు వచ్చేసరికి మాకు తెలిసిన నివ్వరి మడుగులన్నీ చేపల చెరువులైపోయాయి. "తామరగింజలతో కానివ్వండమ్మా, దోషం లేదు" అన్నారు పురోహితులు. అక్క ఒప్పుకోలేదు. అమ్మ దేనితో ముగించిందో తనూ దానితోనే ముగిస్తానంది. అప్పటి నుంచి ఏటా ఆ రోజు పాలు తాగి ఉంటోంది, నోము ముగియడం లేదు. ఇప్పుడు ఆవిడకి ఎనభై మూడు, నాకు డెబ్భై ఆరు.

మొన్న భాద్రపదంలో ముదినేపల్లిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, "ముగించకుండానే పోతానేమోనే" అంది. మా అక్క ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అది అడగడమేనని నాకు తెలిసింది. తెస్తానన్నాను.

గూడెంలో

మా వీధిలో జ్యోతి అని, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే అమ్మాయి ఉంది. ఒక ఆదివారం పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో అడవి గింజల మీద ఒక వ్యాసం. రాసినావిడ డాక్టర్ సున్నం ముత్తమ్మ. బుట్టాయగూడెం పైన కొండల్లో కోయవారి ఊళ్లో పుట్టి, మొక్కల మీద పరిశోధన చేసి, ఇప్పుడు అదే ఉద్యోగంలో ఉన్నారట. వాగు ఒడ్డున మొలిచే గడ్డిని గురించి ఆవిడ రాసిన తీరు చూస్తే, కూడా పెరిగిన పినతల్లిని గురించి రాసినట్టుంది. రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు కనబడలేదు.

"ఆవిడ కొల్లేరు వస్తున్నారు మామ్మగారూ" అంది జ్యోతి. "పోయినేడు సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు కదా, నీళ్లు తిరిగొచ్చిన చోట పాత గడ్డీ గాదం ఏమేం మొలిచాయో చూస్తారట. సాయంత్రం లంకలో ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడతారట. నన్ను తోడు రమ్మన్నారు."

"నివ్వరి ఉందా అక్కడ?"

"ఉందని ఎవరో చెబితేనే వస్తున్నారు."

"అయితే నేనూ వస్తాను."

"దోనె ఎక్కాలి మామ్మగారూ."

"నువ్వు పుట్టకముందే ఎక్కాను, పద."

గుండుగొలను దగ్గర ఆగిన బస్సు

శనివారం పొద్దున్న ఎర్రబస్సు ఎక్కాం. ఏలూరుకి మనిషికి ఇరవై రెండు రూపాయలు. రైలైతే అందులో సగం కూడా అవదు. జ్యోతికి రైలంటే చిరాకు కాబట్టి బస్సు.

గుండుగొలను దగ్గర టైరు పంక్చరైంది. అందరం దిగి రోడ్డు పక్క నీడన నిలబడ్డాం. అక్కడ ఒకావిడ కాల్చిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది.

"కట్ట ఎంతమ్మా?"

"పది రూపాయలండి."

"గూడెంలో ఎనిమిదేనే!"

"అయితే గూడెంలోనే కొనుక్కోండి. బస్సు ఎటూ కదల్దు, నడిచెళ్లి వచ్చేయొచ్చు."

జ్యోతి అటు తిరిగి నవ్వుకుంది. పది రూపాయలిచ్చి కట్ట విప్పి చూశాను. ఒకటి ఎక్కువే ఉంది. ఆ మాట చెప్పి తిరిగి ఇవ్వబోతే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "తక్కువుందని దెబ్బలాడినోళ్లే గానీ ఎక్కువుందన్నోళ్లని ఇప్పుడే చూస్తున్నానండి" అని ఇంకొకటి పడేసింది. ఎక్కడికి వెళ్తున్నామని అడిగింది. చెప్పాను.

"కొల్లేరేనా? ఏముందండీ అక్కడ, పక్షులు తప్ప?"

నాకేం కావాలో ఆవిడకి చెప్పాలనిపించింది. అప్పటికే డ్రైవరు హారన్ కొట్టాడు.

తేగ గుండుగొలనుదే తీపి. మా గూడెం తేగకి పీచెక్కువ. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను, మా ఊరివాళ్లు ఏమనుకున్నా సరే.

ఏలూరు

ఆ రాత్రికి జ్యోతి వాళ్ల అమ్మగారు వరలక్ష్మిగారింట్లో బస. ముత్తమ్మగారు కూడా అక్కడికే వస్తారని చెప్పారు. నేను గింజల కోసం తెచ్చుకున్న గోనెగుడ్డ సంచి చూసి వరలక్ష్మిగారు, "దీంట్లోంచి సగం కారిపోతాయండి" అని, సందు చివర జాకెట్లు కుట్టే రజియా దగ్గరికి తీసుకెళ్లారు.

రజియా వాళ్లది తివాచీలు నేసే ఇల్లు. ముందుగదిలో సగం మగ్గమే ఉంది. దాని ముందు వాళ్ల మామగారు కూర్చుని ఉన్ని ముడులు వేస్తున్నారు. ఆయన వెనక కుట్టుమిషను, మిషను వెనక రజియా. మా వైపు ఇంట్లోకి వెళ్తే ముందు కూర్చోమంటారు. ఇక్కడ కూర్చోవడానికి చోటు లేక, నిలబడే మంచినీళ్లు తాగించారు.

"ఇంత చిక్కటి గుడ్డతో ఇంత చిన్న సంచా? ముత్యాలు పోస్తారా ఏవండీ?" అంది రజియా.

"గింజలమ్మా. మా అక్క నోముకి. ముల్లుంటుంది వాటికి."

"ముల్లుంటే కుట్టు లోపలికి మడవాలండి, లేకపోతే పొడుచుకొచ్చేస్తాయి" అని రెండు వరసలు కుట్టి ఇచ్చింది. ఐదు రూపాయలు తీసుకుంది. "నోము అయ్యాక మాక్కూడా ఒక ముద్ద పంపండి. మెత్తగా వండమనండి, మా మామయ్యకి పళ్లు లేవు."

"పళ్లు లేవు గానీ చెవులున్నాయి" అన్నారు ఆయన, ముడి వేయడం ఆపకుండా.

దీపాల వేళకి ముత్తమ్మగారు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. నూలుచీర, భుజాన సంచి, అందులోంచి తొంగిచూస్తున్న గొడుగు. కాళ్లు కడుక్కుంటూనే పెరట్లో చెట్టు పేరు అడిగి, ఆ పేరు మా కొండల్లో ఇంకో చెట్టుకి పెట్టామన్నారు. మనిషి గట్టిగా నవ్వుతుంది. అది నాకు నచ్చింది.

భోజనంలో గొడవ వచ్చింది. వరలక్ష్మిగారు ఆవిడ కోసమని సంతంతా వెతికి లేత చిక్కుడుకాయలు తెచ్చి, నువ్వులపొడి చల్లి కూర చేశారు. ముత్తమ్మగారు పప్పు కలుపుకున్నారు, పచ్చడి వేసుకున్నారు, కూర మాత్రం విస్తరి చివరికి జరిపేశారు. వరలక్ష్మిగారి ముఖం మాడిపోయింది. నాకూ మనసు చివుక్కుమంది. మావాళ్లు వాళ్ల చేతి నీళ్లు కూడా ముట్టని రోజులు నేను చూశాను. ఇప్పుడు ఈవిడ మన చేతి వంట వద్దంటోందా అనుకున్నాను. అంటే మాత్రం ఏమనగలం?

"ఉప్పెక్కువైందామ్మా?"

"అయ్యో లేదండీ, వాసనకే నోరూరిపోతోంది. మా ఊళ్లో చిక్కుడు పండగ ఇంకా కాలేదు. కొత్తకాయ మా దేవతకి పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఎవరైనా ముట్టుకుంటాం."

"ఇంత చదువుకుని మీరు కూడా..." అనేసి వరలక్ష్మిగారు నాలిక కరుచుకున్నారు.

"మా ఆఫీసులోనూ అలాగే అడుగుతారండీ. మా అమ్మ అక్కడ పాదు కింద కూర్చుని, కాయలు కనబడుతున్నా తినకుండా ఉంది. నేనిక్కడ తినేస్తే ఆవిణ్ణి వదిలేసి తిన్నట్టుంటుంది. అదీగాక, పండగ దాకా ఆగితే తొలికాపు కొంత ముదిరి విత్తనానికి మిగులుతుంది. అదే నేను ఇంగ్లీషులో పెద్ద వ్యాసం రాశాను. అమ్మకి చదివి తెలుగులో చెబితే, 'ఇంతా తినకుండానే రాశావా?' అంది."

అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వులోనే అక్క గుర్తొచ్చింది. తామరగింజలు కాదని పాలగ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్న అక్క. అసలు సంగతి ముత్తమ్మగారితో చెప్పేద్దామా అని నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. మా వైపు మర్యాద వేరు. పనిబడి ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల పిల్లల్ని గురించి, పంటల్ని గురించి, మోకాళ్ల నొప్పుల్ని గురించి అడిగి, కాఫీ తాగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాక గానీ వచ్చిన పని చెప్పం. వచ్చిన పూటే ఆవిడ మీద నా పని పెట్టడం బాగుండదనిపించింది.

లంక

లంక పేరు రాయను. ఆడవాళ్లు రాయొద్దన్నారు. ఎందుకన్నారో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆదివారం ఆటోలో కొంత దూరం, గట్టు మీద నడక కొంత, పడవలో కొంత వెళ్లాం. తెగిన చెరువుగట్లు నీళ్లలోంచి అక్కడక్కడ వీపులు పైకి పెట్టిన గేదెల్లా ఉన్నాయి. వాటి మధ్య నీళ్లు ఎటు చూసినా ఒకే మట్టం. నా చిన్నప్పటి కొల్లేరు ఇంతకన్నా పెద్దది. లేక నేను చిన్నదాన్నేమో, చెప్పలేను.

చుట్టూ నీళ్లున్నా ఆ లంకలో తాగడానికి నీళ్లు లేవు. డబ్బాలతో పడవ మీద తెచ్చుకుంటారు. అందుకని మనిషి వస్తే సగం గ్లాసే ఇస్తారు, సిగ్గుపడరు. మనం ఆ సగం తాగి గ్లాసు బోర్లించాలి. మా ఇళ్లలో సగం గ్లాసు ఇస్తే వచ్చినవాళ్లు ఏడాదిపాటు చెప్పుకుంటారు.

మేం దిగింది నాంచారమ్మగారింట్లో. చేపలు పట్టే కుటుంబం. వయసు నాకన్నా రెండు మూడేళ్లు తక్కువుంటుంది, నోరు మాత్రం నాకన్నా పెద్దది. లంకలో ఆడవాళ్లందరూ ఆవిడ మాట వింటారు. ముత్తమ్మగారిని చూడగానే చీర మోకాలి పైకి జరిపి కూర్చుంది.

"డాక్టరమ్మా, ఇదిగో ఈ మోకాలే. సూదెయ్యవా?"

"నేను గడ్డికి డాక్టర్నండీ."

"గడ్డికి జబ్బేంటి తల్లీ?"

"మనుషులండీ" అన్నారు ముత్తమ్మగారు.

నాంచారమ్మగారు తొడ చరుచుకుని నవ్వింది. ఆ క్షణం నుంచి వాళ్లిద్దరూ నువ్వంటే నువ్వని ఒకటే మాటలు.

మధ్యాహ్నం కొర్రమీను పులుసు పెట్టారు. నేను కార్తీకం చేస్తున్నానని చెప్పాను. ఏలూరు చిక్కుడుకాయల సంగతి జ్యోతి అప్పటికే చెప్పేసింది. "చిక్కుడు తినని చుట్టం ఒకరు, చేప తినని చుట్టం ఒకరు. మా లంకకి భలేవాళ్లొచ్చారు!" అని నాంచారమ్మగారు కోడల్ని పంపి, ఒడ్డున నీళ్లలో పెరిగే తూటికూర తెప్పించి పప్పులో వేయించింది. కాడలు లేతగా, కాస్త జిగురుగా ఉన్నాయి. ముత్తమ్మగారు పులుసు రెండుసార్లు వేయించుకున్నారు.

దోనెలో

ఎండ తగ్గాక రెండు దోనెల్లో బయల్దేరాం. నాతో ముత్తమ్మగారు, నాంచారమ్మగారు ఒక దాంట్లో. కోడలు వెనక నిలబడి గడ వేస్తోంది. నన్ను ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఒక కాలు తడిసింది.

గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. మేం దగ్గరికి వెళ్తే విసుక్కున్నట్టు లేచి, కొంత దూరం పోయి మళ్లీ కూర్చున్నాయి. నత్తల్ని తినే కొంగలు ముక్కులు సరిగ్గా మూసుకోక, ఏదో చెప్పబోయి ఆగినట్టుంటాయి. ముత్తమ్మగారు పక్షుల వంక ఎక్కువ చూడలేదు. నీళ్లలోకే చూస్తున్నారు.

రెల్లు దాటాక ఒక మెరక పక్కన కోడలు గడ ఆపింది.

నివ్వరి.

మూడు దోనెలు వరసగా నిలిపితే ఎంతో అంతే ఉంది. నడుములోతు నీళ్లలో నిలబడి, కంకులు వాలి, ఎర్రటి ముళ్లన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. గాలి వచ్చినప్పుడు సన్నగా గీసుకునే చప్పుడు. నేను చేయి చాచాను. ఒక కంకి నా అరచేతిలోకి దానంతటదే వంగింది. వాసన చూశాను. వండితేగానీ ఆ వాసన రాదని తెలుసు, అయినా చూశాను. నాకు కళ్లు సరిగ్గా కనబడలేదు కాసేపు.

"ఇంకో పది రోజులు పడుతుందండీ. పై గింజ మాత్రం తయారైంది" అన్నారు ముత్తమ్మగారు మెల్లగా. ఆవిడ కంకిని కోయలేదు. కింద చేయి పెట్టి, పసిపిల్ల గడ్డం ఎత్తినట్టు ఎత్తి చూశారు.

"ఒక దుబ్బుకి ఒకటే దెబ్బ" అంది నాంచారమ్మగారు. "మా అత్తతో వచ్చేదాన్ని. ఒక కర్రతో దోనె మీదికి వంచి, ఇంకో కర్రతో ఒక్కటంటే ఒక్కటి కొట్టాలి. దోనెలో పడింది మనది. నీళ్లలో పడింది కొల్లేటిది. రెండో దెబ్బ కొట్టానంటే మూడోది మా అత్త నా వీపు మీద కొట్టేది."

మా అమ్మ కూడా అలాగే కొట్టేదా? నన్నెప్పుడూ దుబ్బుల దాకా తీసుకెళ్లలేదు, ఒడ్డున అక్కకి అప్పజెప్పి వెళ్లేది. నేను పుట్టకముందు అక్క అమ్మతో దుబ్బుల దాకా వెళ్లేది, తనకి తెలుస్తుంది. అడగాలి అనుకున్నాను.

రజియా కుట్టిన సంచి నా నడుముకే ఉంది. అప్పుడు అడగొచ్చు. దోనెలో ఉన్నది నలుగురం. కానీ నివ్వరి లంక మొత్తానిది, ఒక్క నాంచారమ్మగారిది కాదు. అందరూ ఉన్నప్పుడు అడగడం పద్ధతి. పైగా సాయంత్రం అందరూ కూడతారు కదా, ముందు వాళ్ల మాటలు కానివ్వాలి, టీలయ్యాక చివర్లో నా మాట చెప్పుకోవచ్చు. ఇలా ఆలోచించి నోరు మూసుకున్నాను.

సాయంత్రం

నీళ్ల ఒడ్డున సిమెంటు అరుగు మీద చాపలు పరిచారు. ఇరవై మంది దాకా ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. మగవాళ్లు దూరంగా పడవల దగ్గర కూర్చుని విననట్టు వింటున్నారు.

ముత్తమ్మగారు ముందు తను రాసింది చదివారు. వాళ్ల ఊరి వాగులో ఒక రకం గడ్డి ఎలా పోయిందో, దానితో పాటు దాన్ని అల్లే చాప పోయి, చాప మీద కూర్చుని పాడే పాట కూడా ఎలా పోయిందో. తరవాత సంచిలోంచి పొద్దున్న ఏరుకొచ్చిన గడ్డిపోచలు ఒక్కొక్కటే తీసి పేర్లడిగారు. ఒక పోచ దగ్గర ఇద్దరు వదినా మరదళ్లకి పోట్లాట వచ్చింది. "నీ పుట్టింట్లో అంటారేమో ఆ పేరు, ఇక్కడనరు" అని ఒకరు, "మా పుట్టింట్లో దానికి పేరైనా ఉంది, మీరు ఊరికే తొక్కి పోతారు" అని ఇంకొకరు. ముత్తమ్మగారు రెండు పేర్లూ రాసుకున్నారు.

ఆఖరికి నివ్వరి మాట వచ్చింది.

"ఇన్నేళ్లూ బురదలో పడున్న గింజ, నీళ్లు రాగానే లేచింది" అన్నారు ఆవిడ. "ఒక్క చోటే లేచింది. రెండు మూడేళ్లు ఎవరూ ముట్టుకోకపోతే పక్క మెరకలకి పాకుతుందని నా ఆశ. ఖచ్చితంగా పాకుతుందని చెప్పలేను. మీ కొల్లేరు, మీ గింజ. కోసుకుంటామంటే కాదనడానికి నేనెవర్ని? రేపు నేను వెళ్లిపోతాను."

"మనం వదిల్తే సరిపోద్దా? బాతుల మందలోళ్లు వదుల్తారా?" అంది ఒకావిడ.

"గేదెలో?"

"మన పిల్లలే ముందు పీకేస్తారు."

కాసేపు గోలగోల అయింది. నాంచారమ్మగారు లేచింది. "అమ్మవారికి వదిలేద్దాం" అంది. పొట్టేలునో కోడినో అమ్మవారి పేర వదిలితే అది ఎవరి ఇంట్లో గింజలు తిన్నా కొట్టరు, దాన్నెవరూ కోయరు. అలాగే ఈ నివ్వరిని కూడా అన్నమాట. ఎవరో వేపరెమ్మ తెచ్చారు, ఎవరో చెంబులో పసుపునీళ్లు కలిపారు. నాంచారమ్మగారు ఒడ్డు దాకా దిగి, కొల్లేటి వైపు తిరిగి పెద్దగా చెప్పింది.

"అమ్మా, మెరక పక్క నివ్వరి నీది. మూడు జాతర్లు వెళ్లేదాకా మాది కాదు. ముట్టుకున్నోళ్లని నువ్వే చూసుకో."

పసుపునీళ్లు కొల్లేట్లో పోసింది. ఆడవాళ్లందరూ "అమ్మదే" అన్నారు. దూరం నుంచి మగవాళ్లు కూడా అన్నారు. అందరితో పాటు నేనూ అన్నాను. అన్నాక గానీ నేనేం అన్నానో నాకు తట్టలేదు.

అప్పుడు టీ వచ్చింది.

గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని గొంతు సవరించుకున్నాను. "నాంచారమ్మగారూ, నేనొక పని మీద వచ్చానండి" అని అక్క నోము సంగతి మొత్తం చెప్పాను. చెబుతుంటే ఒక్కొక్కరే గ్లాసులు కింద పెట్టారు.

"అయ్యయ్యో అమ్మా!" అంది నాంచారమ్మగారు. "ఇంతసేపూ నోట్లో పెట్టుకు కూర్చున్నారా? దోనెలో ఒక్క ముక్క అంటే దోసెడు కాదు, సంచీ నిండా కొట్టిచ్చేదాన్ని కదండీ!"

"అడగరేంటి మామ్మగారూ!" అని జ్యోతి నా భుజం పట్టుకుని ఊపేసింది.

"దోసెడే కదత్తా, నోముకే కదా. అమ్మవారేమీ అనుకోదులే" అంది కోడలు.

"నోటితో అన్నాక దోసెడైనా ఒకటే, పుట్టెడైనా ఒకటే" అంది నాంచారమ్మగారు. కానీ ఆ మాట నా వంక చూడకుండా చెప్పింది. ఆవిడ గొంతులో గట్టిదనం లేదు.

ముత్తమ్మగారు నా పక్కకి జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగారు. "నేను చెబితే వింటారండీ. మీ కోసం దోసెడు ముందే అడగాల్సింది నేనే మర్చిపోయానని చెబుతాను. చెప్పమంటారా?"

చెప్పమనాలనే ఉంది. ఇప్పుడు రాస్తున్నప్పుడూ అనిపిస్తోంది, ఊ అంటే సరిపోయేదని. ఆ పైగింజ తయారైందని ఆవిడే చెప్పారు. దోనె ఒడ్డునే ఉంది. నా కళ్ల ముందు అక్క ఉంది. తామరగింజలు చాలని అందరూ అన్నా ఒప్పుకోని మనిషికి, వీళ్లు నోటితో అన్న మాట తప్పించి తెచ్చిన గింజ ఏ ముఖంతో ఇస్తాను? ఎక్కడిదని అడుగుతుంది. అడక్కుండా ఉండదు. నేను అబద్ధం చెబితే ఆ నోము ముగిసినట్టా?

"వద్దమ్మా" అన్నాను.

నాంచారమ్మగారు వచ్చి నా ముందు చతికిలబడింది. "మూడు జాతర్లవగానే మొదటి దెబ్బ మీ అక్కగారిదేనండి. దోనెలో ఎత్తి కూర్చోబెడతాం. ఎన్నేళ్లు ఆవిడకి?"

"ఎనభై మూడు."

నేను మనసులో లెక్క వేశాను, వేయకుండా ఉండలేను. వాళ్ల అమ్మవారి జాతర ఏటా ఫాల్గుణంలో. మూడోది రెండువేల పదిలో. ఆ ఏడు కార్తీకంలో గింజ రాలుతుంది. ఋషిపంచమి ఆ పై భాద్రపదంలో. అంటే రెండువేల పదకొండు. అక్కకి ఎనభై ఏడు. మూడు జాతర్లంటే నాలుగేళ్లు.

కైకలూరులో విడిపోయాం

మర్నాడు జ్యోతి, ముత్తమ్మగారు నన్ను కైకలూరులో ముదినేపల్లి బస్సు ఎక్కించారు. ఇడ్లీ ప్లేటు ఎనిమిది రూపాయలు, చట్నీ నీళ్లు.

"మీ అక్కగారితో ఏం చెబుతారండీ?" అన్నారు ముత్తమ్మగారు బస్సు కిటికీ దగ్గర నిలబడి.

"జరిగింది చెబుతాను."

"నేనూ రానా? వదలమన్నది నేను కదా."

"వద్దమ్మా. మా అక్కకి కొత్తవాళ్ల ముందు కోపం సరిగ్గా రాదు. తరవాత రాత్రంతా అవస్థ పడుతుంది."

ఆవిడ నవ్వలేదు. కిటికీ చువ్వ మీద ఉన్న నా చేతి మీద చేయి వేసి, బస్సు కదిలేదాకా ఉంచారు.

ముదినేపల్లి

అక్క వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. తల దువ్వించుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. నేనొస్తానని తెలుసు కదా.

"తెచ్చావా?"

"లేదు."

"దొరకలేదా?"

"ఉంది. తేలేదు."

పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పాను. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. టీ కోసం ఆగానన్న చోట అక్క నా వంక తిరిగింది.

"నీకెప్పుడూ ఇంతే. పెళ్లిళ్లలో కూడా వడ్డించేవాడు పక్క పంక్తికి వెళ్లాక పప్పు కావాలనేదానివి. అడగడానికి అంత మొహమాటమేమిటే నీకు? వాళ్లు నిన్ను తింటారా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అక్క కోడలు వచ్చి అన్నానికి లేవమంది. అక్క కదల్లేదు. నేనూ లేవలేదు. బయట వరికోతల ట్రాక్టరు ఒకటి పోయింది, దాని వెనక ఇంకొకటి. చాలాసేపటికి గోడ వైపు నుంచే మాట వచ్చింది.

"నోటితో అన్నారా, మనసులో అనుకున్నారా?"

"నోటితో. నీళ్లు పోసి. నేనూ అన్నాను."

"అయితే ఇంకేం తెస్తావు."

అక్క కుడిచేయి దుప్పటి మీద ఉంది. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద కదులుతోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో కణుపు మీద ఆగింది. తనూ నాలుగుకే వచ్చింది. ఆ చేయి అక్కడే ఉండిపోయింది.

"ఏమే."

"ఊ."

"ముల్లు ఎంతుంది?"

నా చూపుడువేలు ముందుకి పెట్టి, కొస నుంచి రెండో కణుపు దాటి కొంచెం కింద గోరుతో గుర్తు పెట్టి చూపించాను. అక్క ఇటు తిరిగి, కళ్లు చికిలించి చూసి, సరిగ్గా ఆ గుర్తు దగ్గర నా వేలిని పట్టుకుంది.

"అంతే ఉండేది" అంది.

కోడలు రెండోసారి పిలిచింది. అక్క నా వేలు వదల్లేదు.